ఎనిమిదక్క, నల్లచుక్క

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. హాజరు పట్టీలో అది ప్రతి ఉదయం కనిపిస్తుంది. కానీ ఆ మూడంతస్తుల భవనంలో ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లు లేరు. నీటి పరీక్షల ల్యాబులో ఆమె ఎనిమిదక్క. చిన్నవాళ్లకు అక్క, తోటివాళ్లకు అక్క, రిటైర్మెంటు అంచున ఉన్న టైపిస్టుకూ అక్కే. ఒక్క సీసాల బాబాయ్ మాత్రం "అమ్మాయ్" అంటాడు. కాలువల వెంట, బావుల వెంట తిరిగి నీళ్లు పట్టుకొచ్చేది ఆయనే కాబట్టి ఆ మాత్రం చనువు చెల్లుతుంది.

ఆ పేరెలా వచ్చిందో తెలియాలంటే ఉదయం తొమ్మిదిన్నరకు రెండో అంతస్తు చివరి గదిలోకి తొంగిచూడాలి. ఉత్తరపు కిటికీలోంచి నీడ కలిసిన వెలుతురు బల్ల మీదికి దిగుతుంది. బల్ల మీద గాజు పలక, పలక మీద తడి వెల్వెట్ గుడ్డ, గుడ్డ మీద చిటికెడు తెల్లపొడి. ఆమె మూడు వేళ్ల మధ్య పెన్సిలంత కడ్డీ. కడ్డీ అడుగున, మిరియపు గింజ కన్నా చిన్నగా, గాజులా మెరిసే ఒక బొగ్గు చుక్క. ఆ చుక్కను గుడ్డకు ఆనించి ఆమె 8 అంకె వేస్తుంది. వేసినదాని మీదే మళ్లీ వేస్తుంది. అరవై సార్లు. మధ్యలో ఎవరు పలకరించినా పలకదు. అరవై అయ్యాక తలెత్తి జవాబు చెబుతుంది. అప్పటికి అడిగిన మనిషి మెట్లు దిగి వెళ్లిపోయి ఉంటాడు.

పెళ్లెందుకు చేసుకోలేదక్కా అని ఎవరో అడిగితే, "నేను లెక్కపెడుతుండగా ఆయన వచ్చి వెళ్లిపోయుంటాడు" అంది ఒకసారి.

నీళ్లలో ఏం కలిసిందో నీళ్ల ముఖం చూసి చెప్పలేం. ఫినాల్ అని ఒకటుంటుంది. చెక్కపొట్టును జిగురుతో అదిమి పలకలు చేసే ఫ్యాక్టరీల్లోంచి అది కాలువలోకి జారుతుంది. దానికి రంగు లేదు. కొంచెమే ఉంటే వాసనా అందదు. కానీ దానికో బలహీనత ఉంది. నీళ్లలో ఆ నల్లచుక్కను ముంచి, వోల్టేజీని మెట్టు మెట్టుగా పెంచుతూ పోతే, ఒకానొక మెట్టు దగ్గర ఫినాల్ తన ఎలక్ట్రాన్లను దాచుకోలేదు. వదిలేస్తుంది. ఆ కాస్త కరెంటూ కంప్యూటరు తెర మీద గీతై పాకుతుంది, పాకుతూ పాకుతూ మూపురంలా లేస్తుంది. మూపురం ఏ మెట్టు మీద లేచిందో చూస్తే అది ఫినాలని తెలుస్తుంది. ఎంతెత్తు లేచిందో చూస్తే ఎంతుందో తెలుస్తుంది.

అయితే ఫినాల్ ఊరికే పోదు. పోతూ పోతూ నల్లచుక్క మీద కంటికి ఆనని పొర ఒకటి కప్పిపోతుంది. ఆ పొర తియ్యకుండా ఇంకో సీసా పెడితే చుక్కకు ఉన్నదాంట్లో కొంతే కనిపిస్తుంది. మూడో సీసాకు ఇంకా తక్కువ. అందుకే ఒక్కో సీసాకూ ముందు అరవై ఎనిమిదులు చుట్టాలి, కడగాలి, అప్పుడే ముంచాలి. ఇది ఆమె పెట్టిన నియమం. ముప్పై ఏళ్లుగా ఆ గదిలో చట్టం అదే.

ఎనిమిది చుట్టడం నేర్పింది తండ్రి. ఆయన కళ్లజోళ్ల అద్దాలు అరగదీసేవాడు. వీధిలోకి తెరుచుకునే ఇరుకు కొట్టు, కొట్టంతా తడి రాతిపొడి వాసన. పదేళ్ల పిల్ల స్కూలు సంచి మూల పడేసి ఆయన పక్కన కూర్చుని, పనికిరాని గాజు ముక్కలు రుద్దేది.

"గుండ్రంగా తిప్పకే. గుండ్రంగా తిప్పితే అంచు అరుగుతుంది, నడుము గుడ్డిదై మిగులుతుంది. ఎనిమిది చుట్టు. ఎనిమిది ప్రతిసారీ నడుములోంచే పోతుంది."

కొట్టు పోయింది. తండ్రి పోయాడు. ఆమె డిగ్రీ చదివి, ఈ ల్యాబులో గాజు సామాను కడిగే పనిలో చేరింది. చేరిన ఏడాది, అప్పటి కెమిస్టు ఆ కడ్డీని గిరగిరా గుండ్రంగా రుద్దుతూ, అంకెలు నిలవడం లేదని యంత్రాన్ని తిడుతుంటే, చేతిలో సబ్బునురగతోనే వెళ్లి, "యంత్రాన్నెందుకు సార్ తిడతారు, తప్పు మీ మణికట్టుది" అంది. ఆయన తిట్టబోయి, కడ్డీ ఆమె చేతికిచ్చాడు. మర్నాటి నుంచి సామాను కడగడానికి వేరే మనిషిని చూసుకున్నారు.

ఇదంతా పాత కథ. ఇప్పుడామెకు యాభై ఆరు.

రెండు నెలల క్రితం ఒక బావికి తాళం పడింది. పలకల ఫ్యాక్టరీ వెనక వీధి అది. అరవై ఇళ్లకు అదొక్కటే బావి. సీసాల బాబాయ్ తెచ్చిన నీళ్లలో మూపురం లేచింది. ఫినాల్ లెక్కలో హద్దు ఐదు. బావి పదకొండు చూపించింది. ఆమె మూడుసార్లు కొలిచింది, మూడుసార్లు అరవై చుట్లు చుట్టి. మూడుసార్లూ పదకొండే. సంతకం పెట్టింది. బావి మీద ఇనుప మూత దిగింది, మూతకు తాళం పడింది.

ఆ అరవై ఇళ్లలో ఒకటి ఆమె వదినది.

వదిన అంటే చనిపోయిన అన్న భార్య. ఆమెకు మిగిలిన ఒకే ఒక్క బంధువు. మోకాళ్లు అరిగిన మనిషి. రోజూ రెండు బిందెలు పట్టుకుని వీధి దాటి, రోడ్డు దాటి, గోదాము పక్క కొళాయి దగ్గర వరుసలో నిలబడాల్సి వచ్చింది. అయినా ఎనిమిదక్కకు ఎడమ కంటి శుక్లం పొర తీసే ఆపరేషను జరిగితే నాలుగు రోజులు వచ్చి వంట చేసి పెట్టింది. వంటతో పాటు వాయింపు కూడా పెట్టింది.

"పిల్లా, ఒక్క సంతకంతో మూయించావు. ఇంకో సంతకంతో తెరిపించలేవూ?"

"నీళ్లు బాగుంటే తెరిపిస్తాను వదినా."

"బాగానే ఉన్నాయి. నలభై ఏళ్లు తాగాం. మీ అన్న తాగాడు."

"అన్న ఇప్పుడెక్కడున్నాడు?"

వదిన గరిటె గిన్నెలో ఠంగుమని పడేసింది. "నోరు చూడు దీనిది! గుండెపోటుతో పోయిన మనిషిని బావిలో తొయ్యకు. వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను తెలుసా? 'మీ ఆడబిడ్డే కదమ్మా మా నోటి దగ్గర నీళ్లు లాగేసింది' అంటున్నారు. ఇరవయ్యో తారీఖున బావి సంగతి తేల్చడానికి కమిటీ కూర్చుంటుందట. ఈసారి బాగున్నాయని రాసెయ్. నీ సొమ్మేం పోయింది?"

కంటికి కట్టు ఉంది కాబట్టి ఎనిమిదక్క ముఖం సగమే కనిపించింది. ఆ సగాన్ని కూడా ఆమె గోడ వైపు తిప్పుకుంది.

ఆమె సెలవు నుంచి తిరిగొచ్చేసరికి ల్యాబులో ఒక పని జరిగిపోయి ఉంది.

ఆర్నెల్ల కిందట కొత్తగా వచ్చిన పెద్దాఫీసరుకు అందరూ గడియారం సారని పేరు పెట్టారు. చెడ్డవాడని కాదు. ఏ పనికి ఎంతసేపు పడుతుందో గోడ మీద రాయించాడు, చేతులు కడుక్కోవడానికి కూడా. ఒక్కో సీసాకూ ముందు రుద్దుడు, కడుగుడు కలిపి పన్నెండు నిమిషాలని రాసి, దాని కింద ఎర్ర గీత గీయించాడు. ఆమె సెలవులో ఉండగా, ఆ విడత పరీక్షించాల్సిన ఇరవై ఎనిమిది సీసాలనూ తనే దగ్గరుండి ఒక్క పూటలో కొలిపించాడు. పొద్దున ఒకసారి చుక్కను రుద్దారు. అంతే. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి ముంచుకుంటూ పోయారు.

కాగితం ఆమె బల్ల మీద పెట్టి, "చూడండమ్మా. మీకు మూడు రోజుల పని, ఒక్క పూటలో. సంతకం మీదే ఉండాలి, అధికారం ఉన్నవాళ్లలో ఈ పరీక్షకు మీ పేరొక్కటే ఉంది" అన్నాడు. ఆ మాటలో గర్వముంది తప్ప మోసం లేదు.

ఆమె నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి చూసింది. ఫ్యాక్టరీ తూము దగ్గరి నీళ్లు అరవై. తర్వాతి సీసా యాభై ఒకటి. తర్వాత నలభై నాలుగు. అలా మెట్లు దిగుతూ, దిగుతూ, చివరి సీసా దగ్గర మూడు. చివరి సీసా బావిది. బాబాయ్ తిరిగే దారి తూము దగ్గర మొదలై బావి దగ్గర ముగుస్తుంది. సీసాలను ఆయన తెచ్చిన వరుసలోనే బల్ల మీద పెట్టడం మొదటి నుంచీ అలవాటు. ప్రతి సీసాకూ చుక్కను రుద్దినన్నాళ్లూ ఆ అలవాటు ఎవరికీ చెడు చెయ్యలేదు.

"ఇవి నీళ్లా, మెట్లా సార్?" అంది.

"దూరం పోయేకొద్దీ తగ్గుతుంది కదమ్మా. కాలువ పారుతుంది, కలుస్తుంది, పలచబడుతుంది. సహజం."

"పదహారో సీసా చూడండి."

"నాలుగు. అయితే?"

"అది కాలువ నీళ్లు కాదు. సెలవు మీద వెళ్లేముందు నేనే కలిపి పెట్టిన సీసా. యంత్రం నిజం చెబుతోందో లేదో చూడ్డానికి ప్రతిసారీ ఒకటి మధ్యలో పెడతాం. అందులో పది కలిపాను. మీకు నాలుగొచ్చింది. అది ఏ కాలువలోనూ ప్రయాణం చెయ్యలేదు సార్. ఫ్రిజ్‌లో కూర్చుని ఉంది."

గడియారం సారు కాసేపు ఆ అంకె వైపే చూశాడు. తప్పు అర్థమైన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఒక క్షణం అలాగే ఉంది ఆయన ముఖం. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఇరవయ్యో తారీఖు కమిటీకి ఇస్తామని మాటిచ్చాం. ఈ అంకెలు పైకి కూడా వెళ్లిపోయాయి. ఫ్యాక్టరీ వాళ్లకు కావాలి, వీధివాళ్లకు కూడా కావాలి. అందరికీ కావాల్సింది మీకొక్కరికే వద్దా?"

"నాకూ కావాలి సార్. నీళ్లకు అక్కర్లేదు."

"సంతకం పెట్టకపోతే ఈ గదిలో మీ అవసరం ఉండదు. కింద స్టోరుకు మనిషి కావాలని అడుగుతున్నారు."

ఆమె లేచి ఫ్రిజ్ తెరిచింది. ఇరవై ఎనిమిదో సీసాలో ఇంకా నీళ్లున్నాయి. ఆయన్ని కుర్చీలో కూర్చోమని చెయ్యి చూపించి, గుడ్డ తడిపింది, పొడి చల్లింది. అరవై చుట్లు. గడియారం సారు తన జీవితంలో మొదటిసారి ఆ పన్నెండు నిమిషాలూ పూర్తిగా చూశాడు. మూపురం లేచింది. పదకొండు. రుద్దకుండా మళ్లీ ముంచింది. ఎనిమిది. మళ్లీ. ఆరు. మళ్లీ. నాలుగు.

"ఒకే సీసా, ఒకే నీళ్లు. నాలుగోసారికి బావి బాగుపడింది. ఇంకో రెండుసార్లు ముంచితే నీళ్లే మాయమైపోతాయి" అంది.

ఆయన లేచి వెళ్లాడు. సాయంత్రానికి స్టోరు ఉత్తర్వు వచ్చింది, ఇరవై ఒకటో తారీఖు నుంచి. కాగితం మీద సంతకం చోటు మాత్రం ఖాళీగా, ఆమె కోసమే ఎదురుచూస్తూ ఉంది.

ఆదివారం పొద్దున ఎనిమిదక్క చిన్న యంత్రాన్ని సంచిలో వేసుకుంది. ల్యాబు బయట కొలవడానికి వాడేది, టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, దాని మీదే చిన్న తెర. రిజిస్టరులో "పరీక్ష నిమిత్తం బయటికి" అని రాసి, కింద పేరు పొడుగ్గా, స్పష్టంగా, దాచుకునేదేమీ లేనట్టు రాసింది. బాబాయ్ తాళంచెవి తెచ్చాడు. నీళ్లు పట్టడానికి వాడే తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.

"అమ్మాయ్, ఆ వీధిలో నిన్ను చూస్తే బిందెలు విసురుతారేమో."

"ఖాళీ బిందెలే కదా బాబాయ్. తగిలినా మోత తప్ప దెబ్బుండదు."

వీధి నిజంగానే ఎదురొచ్చింది. నలుగురు ఆడవాళ్లు పదిమందయ్యారు. "వచ్చిందమ్మా మహాతల్లి!" అంది ఒకామె. "తాళం తియ్యడానికొచ్చావా, రెండో తాళం వెయ్యడానికొచ్చావా?" అంది ఇంకొకామె. ఎనిమిదక్క నవ్వలేదు, తగ్గలేదు. "రెండూ కాదు. మీ చేతే కొలిపించడానికొచ్చాను. ఎవరి చెయ్యి బాగుంటుంది?" అని అడిగింది.

వదిన వంటింటి బల్ల మీద యంత్రం కూర్చుంది. గుమ్మంలో జనం, కిటికీలో జనం. బాబాయ్ తోడుకొచ్చిన బావి నీళ్లు గాజుపాత్రలో అద్దంలా తేటగా ఉన్నాయి. వదిన కొంగు బిగించి ముందుకొచ్చింది.

"నేనే రుద్దుతాను. నా మోకాళ్లు పోయాయి గానీ చేతులు పోలేదు. చెప్పు, ఏం చెయ్యాలి?"

"ఎనిమిది చుట్టు వదినా. గుండ్రంగా కాదు. అరవై."

వీధి మొత్తం పైకి లెక్కపెట్టింది. ముప్పై ఏడు దగ్గర ఎవరో తడబడితే వదిన ఆగిపోయి, "మళ్లీ మొదటి నుంచి" అంది. ఆ మాటకు ఎనిమిదక్క కళ్లు మొదటిసారి నవ్వాయి.

చుక్క నీళ్లలో దిగింది. తెర మీద గీత పాకింది. చదునుగా, చదునుగా, ఏమీ లేనట్టే పోయిపోయి, ఒక్కసారిగా లేచింది. చూస్తున్న ఆడవాళ్ల తలలు కూడా దానితో పాటు కాస్త పైకి లేచాయి.

"అది ఫినాల్. పదకొండు. హద్దు ఐదు" అంది ఎనిమిదక్క. "ఇప్పుడు రుద్దకుండా పెట్టు."

మూపురం కుంగింది. ఇంకోసారి, ఇంకా కుంగింది.

"ఏమయిందే? నీళ్లు మార్చావా?" వదిన పాత్ర వైపు అనుమానంగా చూసింది.

"పాత్ర కదల్లేదు వదినా. చుక్క మీద పొర పట్టింది, అంతే. మంచినీళ్లని రాయమంటున్న కాగితం ఇలా కొలిచిందే."

"మళ్లీ రుద్దుతాను ఉండు."

మళ్లీ అరవై. మూపురం తిరిగి లేచింది, ఎక్కడి నుంచి దిగిందో అక్కడికే. పదకొండు.

తేటగా ఉన్న ఆ నీళ్లను అందరూ కొత్త మనిషిని చూసినట్టు చూశారు. ఇందాక మహాతల్లీ అన్న ఆవిడ చెయ్యి తన పొట్ట మీదికి పోయింది. నెలలు నిండుతున్నాయి ఆమెకు.

ముందుగా తేరుకున్నది వదినే. కడ్డీ బల్ల మీద పెట్టి ఆడబిడ్డ మీదికి వేలెత్తింది. "సరే, నీ మాటే నిజం. ఇది విషం. అయితే నా నీళ్లేవే? ఇది తాగొద్దంటావు, అది మోయలేను. గాలి తాగి బతకమంటావా?"

"అది నన్నడుగుతావేం? ఇరవయ్యో తారీఖున అడగాల్సినవాళ్లు ముగ్గురు వరుసగా కూర్చుని ఉంటారు."

వదిన గుమ్మం వైపు తిరిగింది. "విన్నారుగా. బావి తెరవమని అడగడానికి తయారైన నోళ్లు ఎన్ని ఉన్నాయో అన్నీ రండి. అడిగేది మాత్రం వేరే."

ఇరవయ్యో తారీఖున కమిటీ గదిలో కుర్చీలు చాలలేదు. గోడల వెంట ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడ్డారు. బావి తెరవమని పోరుతారని పెద్దలు అనుకున్నారు కాబట్టి, కాగితం అప్పటికే సిద్ధంగా బల్ల మీద ఉంది. గడియారం సారు పెన్ను మూత తీసి ఎనిమిదక్క ముందు పెట్టాడు. ఆయన ఎందుకో ఆమె కళ్లలోకి చూడలేదు.

ఆమె పెన్ను తీసుకుంది. బావికి ఎదురుగా ఉన్న మూడు అంకెను కొట్టేసింది. దాని పక్కన నాలుగు అంకెలు రాసింది. పదకొండు, ఎనిమిది, ఆరు, నాలుగు. మొదటిదాని పక్కన "రుద్ది", మిగతా మూడింటి పక్కన "రుద్దకుండా" అని రాసింది. వాటి కింద సంతకం పెట్టింది.

మధ్యలో కూర్చున్నాయన కళ్లజోడు సర్దుకుని, "ఒక అంకె చాలు కదమ్మా?" అన్నాడు.

"ఒకటి చాలదని చెప్పడానికే నాలుగు రాశానండి. ఏది కావాలో ఎంచుకోవడానికి ఇవి చీరలు కావు. మొదటిది నీళ్లది. మిగతా మూడూ మా బద్ధకానివి."

"ఆ కాలమ్‌లో ఇలా రాయకూడదు."

"రాయమన్నది రాయనందుకు నన్ను రేపట్నుంచి స్టోరులో వేశారు. శిక్ష ముందే పడింది కాబట్టి తప్పు తీరిగ్గా చేస్తున్నాను."

గోడ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు వదిన మోకాళ్లు పట్టుకుంటూ బల్ల దాకా నడిచొచ్చి, ఖాళీ బిందెను సరిగ్గా ఆ కాగితం పక్కన పెట్టింది. "మా బావి తెరవొద్దు. నేనే కొలిచాను, నా చేత్తో. మాకు పైపు కావాలి. పైపు వచ్చేదాకా లారీలో నీళ్లు కావాలి. ఆ ఫ్యాక్టరీ తూముకు తాళం కావాలి, మా బావికేసిన తాళమే పట్టుకెళ్లి వేసుకోండి, కొత్తది కొనక్కర్లేదు."

కమిటీ పరిశీలిస్తామంది. బిందె మాత్రం ఆ బల్ల మీద నుంచి నాలుగింటిదాకా కదల్లేదు. నాలుగింటికి లారీ ఉత్తర్వు మీద సంతకం పడింది.

స్టోరు నేలమాళిగలో ఉంటుంది. మూతల్లేని సీసాలు, సీసాల్లేని మూతలు, పగిలిన అద్దాలు. ఇరవై ఒకటో తారీఖున ఎనిమిదక్క అక్కడ కుర్చీ తుడుచుకుని కూర్చుంది. ఎవరూ ఆమెను పైకి పిలవలేదు. లారీ రోజు విడిచి రోజు వస్తోంది. పైపు కోసం వీధి సగం తవ్వి వదిలేశారు. తూము ఇంకా పారుతూనే ఉంది. వదిన వారానికోసారి వచ్చి, ఆ గుంతలన్నీ ఆడబిడ్డే తవ్వించినట్టు చీవాట్లు పెట్టి, తల దువ్వి వెళ్తోంది. బావి మీద తాళం మాత్రం ఉంది.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం గడియారం సారు మెట్లు దిగొచ్చాడు. చేతిలో గడియారం లేదు, ఒక కాగితం ఉంది. నాలుగు అంకెల కాగితం చూశాక కమిటీ కొత్త షరతు పెట్టిందట. మధ్యలో పెట్టే సీసా అంకె సరిపోకపోతే ఆ పూట కొలిచినవేవీ ఒప్పుకోరు.

"మధ్య సీసా పది రావడం లేదమ్మా. ఏడున్నర దగ్గర ఆగిపోతోంది. ప్రతిసారీ రుద్దుతున్నాం, నిజంగా. పొడి పాతదైందేమో. కొత్త డబ్బా ఇవ్వండి."

ఆమె లేచి అల్మరా తీసి, తెల్లపొడి డబ్బా బల్ల మీద పెట్టింది. దాని మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. పక్కన గాజు పలక, వెల్వెట్ గుడ్డ, పాత కడ్డీ ఒకటి పెట్టింది.

"చేసి చూపించండి."

"నేనా?"

"కొలిచే గది మీది. చెయ్యి మీదై ఉండాలి కదా."

ఆయన చుట్టూ చూశాడు. పగిలిన సీసాలు తప్ప చూసేవాళ్లు లేరు. చొక్కా చేతులు మడిచి, కడ్డీ పట్టుకుని, గుడ్డ మీద తిప్పడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఎనిమిదక్క ముందుకు వంగి, ఆపరేషనైన కంటితో, ఏ పొరా లేని కంటితో ఆ మణికట్టును చూసింది.

"అది సున్నా సార్" అంది. "ఎనిమిది కావాలి. మళ్లీ మొదటి నుంచి."